నమ్మికకు లెక్క: భాగ్యనగర విజ్ఞాన చరిత్రలో కొన్ని పుటలు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయకమైన వ్యాసమొకటి వ్రాసి యీయవలసినదని నిర్వాహకులు నన్ను కోరిరి. నేను కళాశాలలో చరిత్ర చదివినవాడను గాను. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. తీరిక వేళల ప్రాచీన గ్రంథములను గురుముఖము లేకయే కూడబలుకుకొని చదువుట నా వ్యసనము. అట్టివాడు చరిత్ర వ్రాయబూనినచో అందును జమాఖర్చులే కానవచ్చును. ఈ దోషమును పాఠక మహాశయులు మన్నింతురు గాక.

నేటి జనులకు విజ్ఞాన శాస్త్రమునందు నమ్మిక సడలుచున్నదనియు, చేతబడులు, దయ్యములు, మహిమలు మొదలగువానియందు విశ్వాసము పెరుగుచున్నదనియు పెద్దలు వాపోవుచున్నారు. ఇది ఎంతవరకు నిజము? నిజమైనచో లోపమెవరిది? ఈ ప్రశ్నలకు భాగ్యనగర చరిత్రలో కొంత సమాధానము దొరకునని నాకు తోచినది. ముందుగా నా కన్నులారా చూచిన సంగతి నొకటి మనవి చేసెదను.

అది 1995 సెప్టెంబరు 21వ తేదీ. నేనప్పుడు అశోక్‌నగర్‌లో ఒక యిరుకు గదిలో ముగ్గురు మిత్రులతో నుండి ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుచుంటిని. పగలెల్ల చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమే మాకు నివాసము. నాటి యుదయమున, వినాయకుడు పాలు త్రాగుచున్నాడను వార్త ఉత్తర దేశమునుండి టెలిఫోనుల మీదుగా వచ్చి గడియలో నగరమంతట వ్యాపించెను. భౌతికశాస్త్రపు ప్రశ్నలు వల్లె వేయుచున్నవారు పుస్తకములు మూసి, పాలగ్లాసులతో వీధి చివరి గుడికి నడిచిరి. నేనును నడిచితిని.

నా వంతు వచ్చినది. చెంచాను కొంచెము వంచి తొండమునకు తాకించినంతనే పాలు తగ్గజొచ్చెను. నా యొడలు గగుర్పొడిచెను. పిమ్మట క్రిందికి చూచితిని. విగ్రహపు బొజ్జమీదుగా సన్నని తడిచార దిగియుండెను. పీఠము చుట్టును పాలు మడుగు కట్టియుండెను. నా వెనుక నిలిచిన ముదుసలి ఆతురతతో, “తాగిండా బిడ్డా?” అని యడిగెను. “తాగిండమ్మా” అంటిని.

ద్రవముల ఉపరితలమునకు గల లాగుడు శక్తిని తలతన్యత యందురు. దానివలన పాలు చెంచా యంచు దాటి రాతిని పట్టుకొని, పలుచని పొరగా క్రిందికి జారునని కేంద్ర ప్రభుత్వ శాస్త్రవేత్తలు పాలకు రంగు కలిపి చూపిరి. ఆ సంగతి నేను పాఠ్యపుస్తకములో చదివినదే. అయినను ఆ తల్లితో “తాగిండు” అంటిని. భయముచేతనో, మొగమాటముచేతనో నేటికిని తేల్చుకొనలేకున్నాను. నాటినుండి నాకొక విషయము తెలిసినది. జ్ఞానము లేకుండుట వేరు. జ్ఞానముండియు నోరు మెదపకుండుట వేరు. రెండవ దోషము మన దేశమున క్రొత్తది కాదు.

విజ్ఞానము సముద్రము దాటి వచ్చిన సరకని కొందరు తలంతురు. అది సరికాదు. ఆర్యభటుడు క్రీ.శ. 499లో, తన యిరువదిమూడవ యేట, సూర్యుని చంద్రుడు కప్పుటచే సూర్యగ్రహణమును, భూచ్ఛాయ చంద్రునిపై పడుటచే చంద్రగ్రహణమును కలుగుచున్నవని ఆర్యభటీయమున స్పష్టపరచెను. వరాహమిహిరుడు ఫలజ్యోతిషమును విపులముగ వ్రాసినవాడే యైనను, గ్రహణమునకు కారణము రాహువు కాడని బృహత్సంహితలో వాదించెను. కాని 628లో బ్రహ్మగుప్తుడు, తాను గ్రహణములను చక్కగ గణింపనేర్చియు, రాహువును కాదనుట శ్రుతిస్మృతులకు విరుద్ధమని ఆర్యభటుని ఆక్షేపించెను. ఇంచుమించు 1030వ ప్రాంతమున మన దేశమును గూర్చి వ్రాసిన అల్బెరూనీ యీ ఘట్టమును చూచి, అంతటి గణితజ్ఞుడు లోకమునకు వెరచి యట్లు వ్రాసెనేమో యని శంకించెను. నేను ఆ పుట చదివినప్పుడు అశోక్‌నగర్ వీధి చివరి గుడి నా కన్నుల యెదుట నిలిచెను. బ్రహ్మగుప్తుడెక్కడ, నేనెక్కడ! కాని మొగమాటము మా యిరువురకు సమానమే.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము మన దక్షిణాపథము మీదుగా సాగినది. ఫ్రాన్సు దేశమునుండి జాన్‌సెన్ అను పండితుడు గుంటూరునకు వచ్చి, సూర్యబింబపు టంచున ఎగయు జ్వాలల కాంతిని యంత్రముతో విడదీసి చూచెను. ఆ కాంతిరేఖలు ఎంత దీప్తిమంతములుగ నుండెననగా, వానిని గ్రహణము లేనినాడును చూడవచ్చునని తలంచి, మరునాడే చూచెను. ఆ యేటనే సూర్యకాంతిలో గుర్తింపబడిన యొక పసుపుపచ్చ గీత భూమిపై అదివరకెరుగని మూలపదార్థమునకు ఆనవాలని తేలెను. అదే హీలియము. దానిని భూమిపై పట్టి చూపుటకు 1895వ సంవత్సరము వరకు కాలము పట్టెను.

అదే గ్రహణమును చూచుటకు మదరాసు నక్షత్రశాలలో పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులవారు నైజాము రాజ్యములోని వనపర్తికి తమ బృందముతో వచ్చిరి. మన తెలంగాణపు గడ్డమీద నిలిచి భారతీయుడొకడు దూరదర్శినితో గ్రహణమును పరిశీలించిన ఘట్టమది. ఆయన పంచాంగములను ప్రత్యక్ష పరిశీలనకు సరిపోవునట్లు దిద్దవలెనని పాటుపడెను. 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటు సందర్భమున, ఆ వింతను సామాన్యులకు బోధపరచు చిన్న పొత్తమును దేశభాషలలో ప్రకటించెను. తెలిసినవాడు తెలియనివానికి వానిభాషలో చెప్పవలెనను ధర్మము ఆయనకుండెను.

ఇప్పుడు భాగ్యనగర చరిత్రలో నాకు మిక్కిలి విలక్షణముగ తోచిన పుటను విప్పుచున్నాను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1869 మొదలు 1911 వరకు సింహాసనమున నుండెను. ఆయనకు పాముకాటును మాన్పు మహిమ కలదని ప్రజలు దృఢముగ నమ్మిరి. అర్ధరాత్రమైనను పాము కరచినవారు కోటవాకిటికి వచ్చినచో ప్రభువు లేచి వచ్చునని చెప్పుకొనిరి. ఆయన గతించిన తరువాత మక్కా మసీదులోని సమాధికడకును జనులు వచ్చుచుండిరి. ప్రజలయెడ ఆయనకు గల దయను నేను శంకింపను. కాని లెక్కల గుమాస్తాగా ఒక ప్రశ్న యడుగక తప్పదు. కరచిన పాములలో పెక్కింటికి విషమే లేదు. విషసర్పము సయితము ఒక్కొక్కమారు విషము వదలక కాటు వేయును. అట్టి కాటు తిన్నవారు ఏమి చేసినను బ్రతుకుదురు. బ్రతికినవాడు ఊరూర చెప్పును. చచ్చినవాడు వచ్చి చెప్పడు. జమ మాత్రమే వ్రాసి ఖర్చు వ్రాయని పుస్తకమున నిలువ ఎప్పుడును మెండుగనే కనబడును. శాస్త్రకారులు దీనికి చాల కాలము క్రిందటనే పేరు పెట్టిరి: కాకతాళీయము. కాకి వ్రాలెను, తాటిపండు రాలెను. పండును రాల్చినది కాకియే యని మనమందుము.

ఆ ప్రభువే వేరొక పుస్తకమును కూడ తెరిపించెను. నాడు శస్త్రచికిత్సకు మత్తుమందుగా క్లోరోఫారమును వాడుచుండిరి. దానివలన అప్పుడప్పుడు రోగులు హఠాత్తుగ మరణించుచుండిరి. మొదట ఆగునది ఊపిరియా, గుండెయా యని వైద్యలోకమున పెద్ద వివాదము నడచెను. హైదరాబాదు వైద్యపాఠశాల ప్రధానాచార్యుడైన ఎడ్వర్డ్ లారీ, ఊపిరియే యని వాదించెను. నిజాము ద్రవ్యసహాయముతో 1888లో ఒక పరిశోధక సంఘమును, 1889లో రెండవ సంఘమును హైదరాబాదున ఏర్పడినవి. లండనునుండి లాన్సెట్ పత్రిక తన ప్రతినిధిని పంపుటకై నిజాము వేయి పౌనులిచ్చెను. లాడర్ బ్రంటన్ అను ప్రఖ్యాత వైద్యుడు వచ్చెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు చేసి, ప్రతిదానిని కాగితముపై నెక్కించిరి. లారీ పక్షమే గెలిచినట్లు సంఘము ప్రకటించెను.

అయితే కథ అక్కడ ముగియలేదు. 1911లో లెవీ అను ఇంగ్లీషు వైద్యుడు, మత్తు తేలికగ నున్న వేళ క్లోరోఫారము గుండె కొట్టుకొనుటనే చెదరగొట్టి ప్రాణము తీయగలదని ప్రయోగములతో నిరూపించెను. హైదరాబాదు సంఘపు తీర్పు అసంపూర్ణమని తేలినది. ఇందు మనము సిగ్గుపడవలసినది లేదు. ప్రయోగములు వ్రాతలో నుండుటచేతనే తరువాతివాడు తప్పు పట్టగలిగెను. ఒకే ప్రభువు నీడలో రెండు పుస్తకములు: ఒకదానిలో తప్పు దొరకనే దొరకదు, ఏలన అందులో ఖర్చు వ్రాయనే లేదు, రెండవదానిలో తప్పు దొరకినది, ఏలన అందులో అంతయు వ్రాసిరి. ప్రజలు మొదటిదానిని నమ్మి, రెండవదానిని, “నిన్న ఒకటి చెప్పిరి, నేడొకటి చెప్పుచున్నారు” అని నిందింతురు. విజ్ఞానమునకు వన్నె తెచ్చు గుణమే జనులకు దాని దోషముగ కనబడుచున్నది. ఈ వ్యాసమునకు కీలకమిదియే.

రోనాల్డ్ రాస్ కథలో ఈ ఖర్చు వ్రాయు ధర్మము ఇంకను చక్కగ కానవచ్చును. చలిజ్వరము చెడుగాలివలన వచ్చునని లోకము నమ్ముచున్న కాలమది. రాస్ 1895 మొదలు దోమలను కోసి సూక్ష్మదర్శినిలో వెదకెను. నెలలకొలది ఏమియు దొరకలేదు. సికింద్రాబాదున, 1897 ఆగస్టు మాసమున, హుసేన్ ఖాన్ అను చలిజ్వర రోగిని దోమలచేత కుట్టించి, కుట్టిన దోమ కొక అణా చొప్పున ఆతనికి చెల్లించెను. ఆగస్టు 20వ తేదీని ఒక మచ్చరెక్కల దోమ కడుపులో చలిజ్వరపు క్రిమి కనబడినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను. దోమకొక అణా! మహిమ చూపువాడు ఇట్టి పద్దు వ్రాయునా? వ్యర్థమైన దోమల లెక్క చెప్పునా? రాస్ చెప్పెను. ఆ వ్యర్థ ప్రయత్నముల లెక్కయే ఆయన మాటకు బలము.

ఇట్టి జ్ఞానము తెలుగువాని యింటికి చేరుటెట్లు? ఈ చింత కలిగిన మహనీయులు కొందరు భాగ్యనగరముననే పుట్టుకొని వచ్చిరి. 1901 సెప్టెంబరు 1వ తేదీని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని ఇక్కడనే స్థాపించిరి. అది 1908లో మదరాసునకు తరలినది. చరిత్రలతోపాటు ప్రకృతి శాస్త్రములను కూడ తెలుగున అచ్చొత్తించి, స్వల్ప వెలకు ఇంటింటికి పంపుట మండలివారి ఆశయము. ఆచంట లక్ష్మీపతిగారు కలరాను గూర్చి తెలుగున పుస్తకము వ్రాసిరి. కలరా వచ్చినచో పొలిమేరలో జాతర చేయుట తప్ప వేరెరుగని పల్లెవానికి, నీటిని కాచి త్రాగుమని వాని నుడిలోనే చెప్పువాడు దొరకెను. మన గ్రంథాలయమును ఆ వృక్షపు చిన్న కొమ్మయే యని నేను భావింతును.

కాలక్రమమున నగరమున విజ్ఞాన సంస్థలు పెరిగినవి. కాని వానికిని పల్లెకును నడుమ దూరము కూడ పెరిగినది. 1980 ఫిబ్రవరి 16వ తేదీ మధ్యాహ్నము నాకు చక్కగ జ్ఞాపకము. నేను బడిపిల్లవాడను. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్–రంగాపూర్ నక్షత్రశాల సంపూర్ణ గ్రహణ మార్గమున నుండుటచే, దూరదేశముల శాస్త్రవేత్తలు యంత్రములతో వచ్చి అక్కడ విడిసిరి. అదే సమయమున మా యూర తలుపులన్నియు మూతపడెను. గర్భిణులను చీకటి గదులలో నుంచిరి. తలుపు సందునుండి నేను చూచినది ముంగిటి మసక వెలుగు మాత్రమే. ఖండాంతరములు దాటి జనులు ఏ దృశ్యమునకై వచ్చిరో, దానిని మేము మా యాకాశముననే పోగొట్టుకొంటిమి. రమ్ము, ఇట్లు భద్రముగ చూడవచ్చునని మా యూరివారితో చెప్పుటకు ఎవరును రాలేదు.

పండితులయందు సయితము పట్టుదల కొరవడినది. హైదరాబాదువాసి యగు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవగారు 1964లో మిత్రులతో కూడి శాస్త్రీయ దృక్పథ ప్రచారమునకై ఒక సంఘమును నెలకొల్పిరి. జ్ఞానము మానవ ప్రయత్నముచేతనే లభించునను ప్రకటనపై చేవ్రాలు చేయుటకు పలువురు శాస్త్రజ్ఞులే వెనుకాడిరని ఆయన తరువాత వ్రాసికొనెను. 1976లో రాజ్యాంగమునకు జరిగిన 42వ సవరణచే శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుట ప్రతి పౌరుని విధియైనది. అయినను 2001లో విశ్వవిద్యాలయములలో జ్యోతిషమును విజ్ఞానశాఖగా బోధింప నిశ్చయించిరి. భార్గవగారు న్యాయస్థానములకెక్కిరి; 2004లో సర్వోన్నత న్యాయస్థానము ఆ యర్జీని త్రోసివేసెను.

ఇంతవరకు ఇతరుల లెక్కలు చెప్పితిని. ఇక మా యింటి పద్దొకటి కలదు. దానిని వ్రాయక ఇతరుల పుస్తకములను తనిఖీ చేయుట న్యాయము కాదు.

1978లో, నా చెల్లెలికి ఆరేండ్లు నిండిన కొలది దినములకు, ఊరి కుక్క యొకటి దానిని కరచినది. మా తండ్రిగారు చదువరులు. భారత భాగవతములు ఆయనకు కంఠస్థములు. నారాయణగూడలోని ప్రభుత్వ వ్యాధినిరోధక సంస్థలో కుక్కకాటునకు మందు కలదనియు, బొడ్డు చుట్టును సూదులు వేయుదురనియు ఆయన యెరుగును. నగరము మా యూరికి బస్సులో మూడు గంటల దూరము. అయినను ఆయన చెల్లెలిని ప్రక్కయూరి మంత్రగాని యొద్దకు తీసికొనిపోయెను. ఎందుకు? అంతకు రెండేండ్ల క్రిందట మా నాయనమ్మ జబ్బుపడినప్పుడు ఆయన పట్నములోని ఒక ఆసుపత్రికి పోయి, ఏ జబ్బని యడిగినందుకు పదిమందిలో కసరుకొనబడెను. “చెప్పిన నీకేమి తెలియును? బయట నిలుచో” అనిరట. ఆ మాట ఆయన మరువలేదు. మంత్రగాడన్ననో చాపవేసి కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, చెల్లెలి తలనిమిరి, “భయం లేదు అన్నా, నా చేత ఎంతమందో బతికిన్రు” అనెను.

ఆ మాట అబద్ధమని నేననను. కరచిన కుక్కలన్నియు పిచ్చివి కావు. మంచి కుక్క కరచినవారందరు వాని తాయెత్తు కట్టుకొని బ్రతికిరి. ఆ జమ చూచి మా తండ్రిగారు నమ్మిరి. రెండు మాసములు గడచినపిమ్మట చెల్లెలు నీటిని చూచి బెదరుట మొదలిడెను. అటుపై మూడు దినములు. కుక్కకాటు వ్యాధి లక్షణములు పైకి వచ్చిన తరువాత మందు పనిచేయదని నాకు తరువాత తెలిసినది. కరచినంతనే కడిగి, సూదులు వేయించినచో తప్పక ఆపవచ్చునని కూడ తెలిసినది. మా తండ్రిగారు మరణపర్యంతము ఆ బిడ్డ పేరెత్తలేదు. ఆ మంత్రగానికి, “నీ చేత ఒక బిడ్డ పోయినది” అని చెప్పినవారును లేరు. కనుక వాని పుస్తకమున మా చెల్లెలి పద్దు లేదు. వానికడకు జనులు తరువాత ఎన్నియో యేండ్లు పోవుచుండిరి.

పాఠకులారా, మా తండ్రిగారిని మూఢుడని నేననజాలను. ఆయనను మంత్రగాని గుమ్మమునకు పంపినది అజ్ఞానము కాదు, అవమానము. విజ్ఞానమునందు నమ్మిక సడలినదని మనమందుము గాని, జనులు విద్యుద్దీపమును నమ్ముచున్నారు, సెల్‌ఫోనును నమ్ముచున్నారు. సడలినది విజ్ఞాన ఫలములయందలి నమ్మిక కాదు. దానిని చేతబట్టుకొన్నవారియందలి నమ్మిక. అది చాపవేసి కూర్చుండబెట్టినవాని వైపు పోవును.

ఇటీవలి కరోనా కాలముననును ఈ లెక్కయే మరల కానవచ్చెను. హైదరాబాదున తయారైన కోవాగ్జిన్ టీకాకు 2021 జనవరి 3వ తేదీని అత్యవసరపు అనుమతి లభించినది. మూడవ దశ పరీక్షల ఫలితములు అప్పటికి వెలువడలేదు. ఫలితములు చూపక అనుమతించుట తగదని శాస్త్రజ్ఞులే పలువురు పలికిరి. ఆ యేటి నవంబరులో లాన్సెట్ పత్రికయందు ఫలితములు వెలువడెను, టీకా 77.8 శాతము ప్రభావము చూపినదని తేలెను. సరకు మంచిదే, బిల్లు ఆలస్యమైనది. ఈ నడుమ, మే మాసమున, నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఒక నాటుమందుకై వేలకొలది జనులు మూగిరి. ప్రాణభయముననున్నవారిని నేను పరిహసింపను. పుస్తకము సకాలమున విప్పి చూపనిచో, పుస్తకమే లేనివానికిని మనకును గల భేదము జనులకు తెలియదని మాత్రము చెప్పుదును.

ఇక ముగింపు. చేతబడి చేసినారను అనుమానముతో ముసలివారిని, ఒంటరి స్త్రీలను హింసించిన వార్తలు మన పత్రికలలో నేటికిని వచ్చుచున్నవి. దీనిని తిట్లచేత ఎవరును మాన్పలేరు. మన గ్రంథాలయమువారికి నాదొక విన్నపము. పఠన మందిరమున ఒక చిట్టా పుస్తకము నుంచవలెను. ఊర ఎవరికైనను పాముకాటో, కుక్కకాటో, వింతజబ్బో కలిగినచో, తేదీ, ఏ మందు, ఎవరు ఇచ్చిరి, తుదకు ఏమైనది అను నాలుగు గళ్ళలో వ్రాయవలెను. ఆసుపత్రికి పోయినవారిదియు, మంత్రగాని యొద్దకు పోయినవారిదియు సమానముగ వ్రాయవలెను. ఎవరిని నిందింపనక్కరలేదు. పదియేండ్లు వ్రాసినచో ఆ పుస్తకమే మాటలాడును. ఇంకొక నియమము: అడుగ వచ్చినవాడు ఎంతటి నిరక్షరాస్యుడైనను, వానిని కూర్చుండబెట్టి, వాని నుడిలో చదివి వినిపింపవలెను.

మొదటి పద్దును నేనే వ్రాసి యిచ్చెదను. 1978వ సంవత్సరము, కుక్కకాటు, తాయెత్తు, మరణము.

మన గ్రంథాలయము ఈ రజతోత్సవమువలెనే స్వర్ణోత్సవమును కూడ జరుపుకొనుగాక. అప్పటికి ఆ చిట్టా నిండి, మన పిల్లలు రాబోవు గ్రహణమును ముంగిట నిలిచి, తగిన కంటితొడుగులతో నిర్భయముగ చూతురు గాక.